ఈ చలికాలం హైదరాబాద్‌లో అమ్మనీ ఎనిమిదేళ్ళ పిల్లాడినీ కలిపి తీసుకెళ్ళేలా నాటకాలేమైనా ఉన్నాయా?

తెనాలి ఆడపడుచు:

అందరికీ నమస్తే అండి. మా అమ్మ డిసెంబర్ మొదటి వారంలో తెనాలి నుంచి వస్తోంది, సంక్రాంతి ముందు దాకా ఇక్కడే ఉంటుంది, మేం ఉండేది మియాపూర్‌లో. వచ్చినప్పుడల్లా జరిగేది ఒకటే, రెండు గుళ్ళు, ఒక మాల్, ఒక సినిమా, ఆ సినిమా సగమయ్యేసరికి సౌండ్‌కి తట్టుకోలేక కొంగు చెవులకి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఈసారి ఫోన్‌లోనే అడిగేసింది, "మీ ఊళ్ళో అసలు నాటకాలు ఆడరుటే?" అని. నాకు నిజంగా తెలీదు. పదమూడేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటూ రవీంద్రభారతి ముందు నుంచి కొన్ని వందలసార్లు వెళ్ళుంటాను, లోపలికి అడుగు పెట్టింది ఒక్కసారే, అది కూడా మా ఆఫీసు వాళ్ళ ఫంక్షన్.

అమ్మ గురించి చెప్తే మీకే అర్థమవుతుంది. తాతయ్యకి నాటకాల పిచ్చి, ఎక్కడ ఆడుతున్నారంటే అక్కడికి బండి కట్టించేవాడట. పీసపాటి వారి కృష్ణుడు, డీవీ సుబ్బారావు గారి హరిశ్చంద్రుడు అని అమ్మ ఇప్పటికీ నిన్న చూసొచ్చినట్టు చెప్తుంది. చాప, దుప్పటి, వేయించిన వేరుశనక్కాయలు తీసుకుని వెళ్ళి, నిద్రొస్తే యుద్ధం సీనుకి లేపండి అని చెప్పి పడుకునేదట, ఎవరూ లేపేవాళ్ళు కాదట, తెల్లారి లేచేసరికి అందరూ చాపలు చుట్టేస్తుండేవాళ్ళట, అరవై ఏళ్ళయినా ఆ కోపం పోలేదు తనకి.

రెండో సమస్య మావాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే ఇంగ్లీషులో సమాధానం చెప్తాడు, పది నిమిషాలకి మించి ఒకచోట కూర్చోడు. ఇద్దరికీ నప్పేది ఏదైనా ఉందా? టికెట్లు ఎక్కడ దొరుకుతాయి, ఎన్నింటికి మొదలెడతారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మెట్లు ఎక్కువ ఉంటాయా, బాత్రూములు ఎలా ఉంటాయి, ఇవన్నీ కూడా చెప్పండి ప్లీజ్, నవ్వుకోకండి, నాకు ఇవే ముఖ్యం.

మూడో గంట:

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. తెనాలి వాళ్ళకి నాటకం గురించి చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేసినట్టే, ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు తిరిగిన ఊరు మీది, అయినా అడిగారు కాబట్టి చెప్తాను.

మీకు ముందు సురభి, తర్వాతే ఏదైనా. ఎందుకంటే ఎనిమిదేళ్ళ వాడినీ డెబ్బై ఏళ్ళ ఆవిడనీ ఒకే రెండు గంటలు కుర్చీలో కూర్చోబెట్టగలిగింది నాకు తెలిసి అదొక్కటే. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో కీచకవధ ఆడటంతో మొదలైన నాటక సమాజం, వనారస గోవిందరావు గారు మొదలుపెట్టారు, ఆ తర్వాత పిల్లలు, పిల్లల పిల్లలు, అల్లుళ్ళు, కోడళ్ళు అందరూ అదే పని, కుటుంబం పెరిగేకొద్దీ ఒక్క సమాజం ఎన్నో సమాజాలైంది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో వీళ్ళింటి ఆడవాళ్ళే స్టేజీ ఎక్కారు. మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా వేసిన కమలాబాయి ఇంటిపేరులా వాడుకున్నది కూడా ఈ సురభే. ఇప్పుడు సిటీలో ఎక్కువగా కనిపించేది శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి, దాన్ని నడిపిన నాగేశ్వరరావు గారు, బాబ్జీ గారంటేనే అందరికీ తెలుస్తుంది, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో పోయారు, ఇంట్లోవాళ్ళు ఆపకుండా ఆడుతూనే ఉన్నారు. వాళ్ళుండే కాలనీ లింగంపల్లి వైపు, అంటే మీకు దాదాపు పక్కిల్లు.

మాయాబజార్ పడితే మాత్రం వదలొద్దు. ఘటోత్కచుడు కూర్చుంటాడు, పళ్ళెంలో లడ్డూలు ఒక్కొక్కటే లేచి గాల్లో తేలుతూ వచ్చి ఆయన నోట్లో పడతాయి. బాణం ఇటు నుంచి బయల్దేరుతుంది, అటు నుంచి ఇంకోటి, మధ్యలో ఢీకొని నిప్పురవ్వలు. రాజుగారి కొలువు ఉన్నచోట మీరు కళ్ళార్పేలోపు అడవి ఉంటుంది, ఏం లేదు, పైన కర్రకి చుట్టిన రంగుల తెర ఒకటి జారింది, వెనక ఇంకోటి లేచింది. కంప్యూటర్ లేదు, స్క్రీన్ లేదు, అంతా తాళ్ళు, తీగలు, కప్పీలు, పక్కన నిలబడి లాగే మనుషులు. నేను ఒకసారి తెలిసినవాళ్ళ పుణ్యమా అని సైడ్ వింగులో నిలబడి చూశా, దేవుడి వేషంలో ఉన్నాయన తన సీను అవ్వగానే కిరీటం తీసి పక్కన పెట్టి తాడు పట్టుకున్నాడు, ఆ తాడు లాగితే అవతల ఇంకొకాయన గాల్లోకి లేచాడు. ఒక చంటిదాన్ని చీరలో ఉయ్యాలేసి పడుకోబెట్టారు, తల్లి స్టేజీ మీద శోకం పెడుతోంది, వచ్చి పాలిచ్చి మళ్ళీ వెళ్ళి శోకం పెట్టింది. నాటకం కంటే అదే నాకు బాగా గుర్తుండిపోయింది.

సీటు విషయం: పిల్లాడు ముందు వరస అంటాడు, వద్దు. ముందు వరసలో తీగలు కనపడతాయి. ఏడెనిమిది వరసలు వెనక, మధ్యలో కూర్చోండి. రవీంద్రభారతిలోనో, పబ్లిక్ గార్డెన్స్ లోపల లలితకళా తోరణంలోనో వేస్తుంటారు, రెండోది ఆరుబయట కాబట్టి డిసెంబర్‌లో శాలువా, మంకీ క్యాప్, ఓడోమాస్ మూడూ ఉండాల్సిందే. ఏ వారం ఎక్కడ అన్నది ముందు కనుక్కుని కదలండి, ఊరికే వెళ్తే గేటుకి తాళం కనపడుతుంది.

సీను సైదాబాద్:

అక్కా, మూడో గంట సారు చెప్పింది కరెక్టే గని ఒక్క సురభి చూసి ఊకుంటరా, మంచిగ చలికాలం, ఒక్కో వారం ఒక్కోటి పెట్టుకోండ్రి. మియాపూర్ల మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ల దిగుడే, రవీంద్రభారతి దగ్గర్నే ఉంటది, కారు తీసుకపోయి పార్కింగ్ కోసం తిరుగుడెందుకు.

నాకు నచ్చే జాగ లామకాన్. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 కాడ సందులకెళ్ళి లోపలికి పోవాలె, 2010ల మొదలైంది, అంతకుముందు ఎవరో ఉన్న ఇల్లే అది. ఆరుబయట మెట్ల మీదనే కూసోవాలె, చేతుల చాయ్, సమోసా, ఎదురుంగ నాటకం. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషే ఎక్కువ, తెలుగు అప్పుడప్పుడు. టికెట్ ఉంటే తక్కువనే ఉంటది, ఒక్కోసారి అసలే ఉండది. స్టేజీకి మనకి నడుమ రెండు మూడు గజాలే, యాక్టర్ ఊపిరి తీసుకునేది కూడా ఇనపడుతది. కాకపోతే అమ్మకు మోకాళ్ళ నొప్పి అన్నరు గదా, మెట్ల మీద కూసునుడు కష్టం, జెప్పన పోయి కుర్చీ అడుగుండ్రి, లేకుంటే మీరు ఒక్కరే పోయిరాండ్రి.

ఇంకోటి చెప్త, ఎవ్వరు చెప్పరు. మన తెలంగాణ పల్లె ఆటలు, చిందు భాగోతం గాని ఒగ్గు కథ గాని, రవీంద్రభారతిల పెట్టిండ్రంటే పోండ్రి. మా నాయినమ్మది నిజామాబాద్ దిక్కు, చిందుల ఎల్లమ్మ జాంబవంతుని వేషం కట్టి వచ్చిందంటే ఊరంత కదిలేదట, ఆడమనిషి మగవేషం కట్టి గంత గర్జన చేస్తదని అనుకోలేదు అనేటిది. మీ స్థానం వారేమో ఆడవేషాలు, మా ఎల్లమ్మేమో మగవేషం, లెక్క సరిపాయె. మీ చిన్నోనికి భాష తెల్వకపోయినా డప్పు, గజ్జెలు చాలు.

కుర్చీలో కుమారి:

వీళ్ళంతా మంచి మాటలు చెప్తున్నారు కాబట్టి నేను చెడ్డమాట చెప్తా. టైమ్ నమ్మకండి. పోయినేడు సిటీలో ఒక హాల్లో పద్యనాటకం అని మా అత్తగారిని తీసుకెళ్ళా, పాంప్లెట్ మీద సాయంత్రం 6 గంటలకి అని ఉంది, మేం ఐదున్నరకే వెళ్ళి కూర్చున్నాం, ఆరున్నరకి ముఖ్య అతిథి వస్తున్నారు దారిలో ఉన్నారన్నారు, ఏడింటికి జ్యోతి ప్రజ్వలన, అక్కడ్నించి సన్మానాలు, ఒక్కొక్కరికి శాలువా, దండ, మెమెంటో, ఫోటో, ఫోటో సరిగ్గా రాలేదని మళ్ళీ శాలువా తీసి కప్పడం, అతిథి గారు మైకు పట్టుకుని నాటకం చచ్చిపోతోంది చచ్చిపోతోంది అని నలభై నిమిషాలు మాట్లాడారు, లోపల మేకప్ వేసుకున్న దుర్యోధనుడు తెర సందులోంచి రెండుసార్లు తొంగి చూడటం నేను కళ్ళారా చూశా. ఎనిమిదింబావుకి తెర లేచింది. తొమ్మిదిన్నరకి హాలు ఖాళీ చేయాలని రాయబారం సగంలో ఆపేశారు. కృష్ణుడు రాయబారానికి వచ్చాడు, మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. మా అత్తగారు ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకని సభ ఉన్న నాటకం వేరు, టికెట్ పెట్టిన నాటకం వేరు. టికెట్ పెట్టినవాళ్ళు చెప్పిన టైముకే మొదలెడతారు, లేటుగా వెళ్తే లోపలికి రానివ్వరు కూడా. ఫ్రీ అంటే మాత్రం గంటన్నర లేటుగా వెళ్ళండి, ఏమీ మిస్ అవ్వరు. బాత్రూముల గురించి అడిగారు కదా, ఇంట్లోనే వెళ్ళి బయల్దేరండి, అంతకంటే చెప్పను.

మూడో గంట:

కుమారి గారూ, మీ దుర్యోధనుడి బాధ నేను అనుభవించినవాడినే, మేకప్ వేసుకుని రెండున్నర గంటలు కూర్చుంటే మీసం అంటించిన గమ్ము ఎండిపోయి మూతి పీకుతూ ఉంటుంది, నవ్వడానికి లేదు, టీ తాగడానికి లేదు. కానీ లేటుగా వెళ్ళమని మాత్రం చెప్పకండి, అందరూ అలాగే చేస్తే తెర లేచేటప్పుడు ముందు రెండు వరసల్లో శాలువాలు కప్పించుకున్నవాళ్ళే మిగులుతారు, వాళ్ళు కూడా పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోతారు.

తెనాలి ఆడపడుచు గారూ, పద్యనాటకం విషయంలో ఒకటి. మీ అమ్మగారు చూసినట్టు రాత్రంతా ఆడే నాటకం సిటీలో ఆశించకండి, ఎక్కువగా సీన్లే వేస్తారు, పడక సీను, రాయబారం, కాటి సీను, ఇలా. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం వెళ్తే ఏదో ఒక కార్యక్రమం ఉంటూనే ఉంటుంది, నాటకం కాకపోతే పాటలో హరికథో, మీ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో లైను మారితే చిక్కడపల్లి స్టేషన్లో దిగొచ్చు. అమ్మగారు మాత్రం ఒక విషయంలో నొచ్చుకుంటారు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. అప్పట్లో పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండా చివరి చాప దాకా వినపడాలి, ఇప్పుడు కాలర్ మైకులు, కిరీటం తగిలితే గరగర. హార్మోనియం బదులు కీబోర్డు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అయినా మంచి గొంతు ఉన్నవాడు ఆలాపన మొదలెట్టి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, హార్మోనియం ఆయన వైపు ఓరగా చూసి పై షడ్జమం పట్టుకున్నాడంటే ఇవేవీ గుర్తుకి రావు, వెనక నుంచి వన్స్ మోర్ అని అరుస్తారు, వాడు చచ్చినట్టు మళ్ళీ పాడతాడు. పద్యం చివర ఎంతసేపు రాగం తీస్తాడో మీవాడిని లెక్కపెట్టమనండి, కూర్చుంటాడు.

పరిషత్తు బాబాయ్:

అమ్మాయ్, మాది గుంటూరు జిల్లా కాబట్టి చొరవ తీసుకుని చెప్తున్నా. మీ అమ్మని నాటకాల కోసం తెనాలి నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళడం ఏంటమ్మా, నువ్వే సంక్రాంతికి ఇటు వచ్చెయ్. చలికాలం నుంచి ఎండాకాలం దాకా మా వైపు పరిషత్తు పోటీలు, అంటే నాటక సమాజాల మధ్య పోటీలు, జరుగుతూనే ఉంటాయి. సాయంత్రం మొదలెడితే ఒక్కో నాటిక గంట, రాత్రికి మూడు నాలుగు. నాటిక అంటే దేవుళ్ళూ రాజులూ ఉండరు, ఒక ఇల్లు, ఒక తండ్రి, ఒక కొడుకు, పొలం అమ్మాలా వద్దా, అంతే, హాల్లో ముక్కు చీదే చప్పుడు వినపడుతుంది. ఒక నాటిక అవ్వగానే వాళ్ళ సెట్టు పీకేసి ఇంకోళ్ళు పది పదిహేను నిమిషాల్లో ఇంకో ఇల్లు కట్టేస్తారు, సుత్తి చప్పుళ్ళు తెర వెనక నుంచి వస్తుంటాయి, ఆ టైములోనే బయట మిర్చి బజ్జీ తినాలి. మొదటి వరసలో ముగ్గురు జడ్జీలు బల్ల మీద చిన్న లైటు పెట్టుకుని మార్కులేస్తుంటారు, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం అంటే వేషధారణ, రంగాలంకరణ, అన్నిటికీ బహుమతులుంటాయి, ఊళ్ళోవాళ్ళు కూడా ఎవడికి వస్తుందో పందేలు కాసుకుంటారు. ఒక్క రూపాయి టికెట్ ఉండదు. ప్రభుత్వం వాళ్ళ నంది నాటకోత్సవాలు 2023 డిసెంబర్లో మా గుంటూరులోనే జరిగాయి, వారం రోజులు ఇంటికి అన్నానికి వెళ్ళలేదు నేను.

ఆడేవాళ్ళంతా పగలు వేరే పని చేసుకునేవాళ్ళే, టీచర్లు, బ్యాంకు వాళ్ళు, కరెంటాఫీసు వాళ్ళు, ఆటో తోలేవాళ్ళు. ఒకావిడ మాత్రం నాటకమే వృత్తి, ఒకే పరిషత్తులో నాలుగు సమాజాలకి వేసింది, ఒక రాత్రి రెండు నాటికల్లో తల్లి, చీర మార్చుకోవడానికే టైము. జడ్జీలు ఏ తల్లికి బహుమతివ్వాలో తెలీక తికమకపడ్డారు.

హాస్టల్ 4:

గచ్చిబౌలిలో ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ డిపార్ట్‌మెంట్ ఉందండి, సెమిస్టర్ చివర్లో స్టూడెంట్స్ ప్రొడక్షన్స్ పడతాయి, బయటివాళ్ళు కూడా వచ్చి చూస్తారు, మియాపూర్ నుంచి మీకు చాలా దగ్గర. బాగుంటే చాలా బాగుంటాయి, లేకపోతే అరగంట సేపు ఒకడు కుర్చీతో మాట్లాడుతుంటాడు. అమ్మగారిని మాత్రం కథ ఏంటో కనుక్కుని తీసుకెళ్ళండి.

ఇంగ్లీషు, ఉర్దూ పెద్ద స్థాయిలో కావాలంటే కాదిర్ అలీ బేగ్ థియేటర్ ఫెస్టివల్ ఉంటుంది, కొడుకు మహమ్మద్ అలీ బేగ్ గారు తండ్రి పేరు మీద నడుపుతున్నారు, ఆయనకి 2014లో పద్మశ్రీ వచ్చింది. కోటలు, ప్యాలెస్‌లే స్టేజీగా నాటకాలు వేస్తారాయన. నేను తారామతి బారాదరిలో ఒకటి చూశా, గోల్కొండ అవతల గుట్ట, రాత్రి గాలి ఎలా కొట్టిందంటే నటుల శాలువాలు అభినయం లేకుండానే ఎగిరాయి. అందంగానే ఉంది, కానీ టికెట్ కాస్త బరువు, మెట్లు కూడా ఎక్కాలి, మీ అమ్మగారికి వద్దు.

తెనాలి ఆడపడుచు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బాబాయ్ గారూ, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా, "చూశావా, నేను చెప్తే వినవు" అంది, ఎప్పుడు చెప్పిందో నాకు తెలీదు. సంక్రాంతికి తనతో పాటు మేమూ వెళ్ళాలని అనుకుంటున్నాం. ముందు సురభి. కనుక్కున్నా, శనివారం ఉందట, వెళ్ళొచ్చి చెప్తా.

తెనాలి ఆడపడుచు:

వెళ్ళొచ్చామండీ. మాయాబజారే. మా ఆయన రానంటూనే వచ్చాడు, మెట్రోలో అంతా ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు, నాటకం మొదలయ్యాక బ్యాగు ఎక్కడుందో కూడా చూసుకోలేదు. మూడో గంట గారు చెప్పినట్టే మధ్యలో ఎనిమిదో వరస. మావాడు మొదటి పది నిమిషాలు "వెన్ విల్ ఇట్ స్టార్ట్" అంటూనే ఉన్నాడు, అప్పటికే మొదలైపోయింది, స్క్రీన్ లేదు కాబట్టి వాడికి తెలీలేదు. లడ్డూలు లేచాయి చూడండి, కుర్చీలో నిలబడిపోయాడు, వెనకాయన కూర్చోబాబూ అన్నా వినలేదు. ఇంటర్వెల్లో నన్ను లాక్కుని స్టేజీ దగ్గరికి తీసుకెళ్ళి కింద నుంచి పైకి తల వెనక్కి వాల్చి ఎంతసేపు చూశాడో, ఆఖరికి "అమ్మా, తీగ ఉంది" అన్నాడు. తెలుగులో అన్నాడండీ. నాకు భయమేసింది, మోసం అనుకుని మొహం మాడ్చుకుంటాడేమో అని, వాడేమో రెండో సగం అంతా ఆ తీగ ఎవరు ఎటు లాగుతున్నారో వెతుక్కుంటూ కూర్చున్నాడు.

అమ్మ సంగతి వేరే. కీబోర్డు ఉంటే పేచీ పెడుతుందని ముందే చెప్పి తీసుకెళ్ళా కదా, హార్మోనియం వినపడగానే నా మోచెయ్యి గిల్లింది. తర్వాత మాట్లాడలేదు. పాత్రధారి పద్యం అందుకుంటే పెదాలు కదుపుతోంది, ఒకచోట ఆయన కంటే ముందే ముగించేసింది, ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. బయటికొచ్చాక బాగుందా అని అడిగితే "ఆ కుర్రాడికి శ్రుతి ఉంది, ఊపిరే చాలట్లేదు" అంది, మళ్ళీ ఎప్పుడు ఆడతారో కనుక్కోమంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మావాడు రెండు రోజుల నుంచి ఇంట్లో సున్నుండలకి కుట్టుమిషన్ దారం కట్టి సోఫా మీద నుంచి వాళ్ళ నాన్న నోట్లోకి పంపుతున్నాడు. దారం తెగి అన్నీ కార్పెట్ మీద పడుతున్నాయి, పైగా దారం తెల్లగా కనపడిపోతోందని ఏడుపు. సురభి వాళ్ళు ఏం తీగ వాడతారో ఎవరికైనా తెలుసా?

మూడో గంట:

చేపల గాలానికి కట్టే సన్నటి నైలాన్ దారం ప్రయత్నించండి, వాళ్ళు అదే వాడతారని కాదు, మా నాటకాల్లో మేం వాడేవాళ్ళం. వెనక నల్ల గుడ్డ కట్టండి, లైటు పక్క నుంచి పడాలి, ఎదురుగా పడితే దొరికిపోతారు. సున్నుండ బరువెక్కువ, బూందీ లడ్డూ చిన్నది తీసుకోండి.

కుర్చీలో కుమారి:

ఫ్యాన్‌కి మాత్రం కట్టనివ్వకండి. మావాడు కట్టాడు.